సినిమా ప్రశ్నలు – జవాబులు: పన్నెండు కొట్టాక వచ్చే కారు

గడిచిపోయిన కాలాన్ని తలచుకొని తియ్యగా బాధపడేవాళ్ల మీద మంచి హాస్యచిత్రం ఏదైనా చెప్పమని గత సంచికలో ఒక పాఠకుడు అడిగితే, వుడీ అలెన్ రచనా దర్శకత్వంలో 2011లో వచ్చిన ‘మిడ్‌నైట్ ఇన్ పారిస్’ పేరు చెప్పి ఊరుకున్నాను. ఆ ఒక్క మాటకు వచ్చిన ఉత్తరాలతోనే ఈ నెల శీర్షిక నిండిపోయింది. చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. గిల్ అనే అమెరికన్ రచయిత హాలీవుడ్‌కు స్క్రీన్‌ప్లేలు రాసి బాగానే సంపాదిస్తుంటాడు గాని, అతని మనసంతా తాను రాస్తున్న నవల మీదా, 1920ల నాటి పారిస్ మీదా ఉంటుంది. పెళ్లాడబోయే ఇనెజ్‌తోనూ, ఆమె తల్లిదండ్రులతోనూ కలిసి అతడు పారిస్ వస్తాడు. ఒక రాత్రి దారి తప్పి చర్చి మెట్ల మీద కూర్చుంటే గంట పన్నెండు కొడుతుంది, పాతకాలపు ప్యూజో కారొకటి వచ్చి ఆగుతుంది, లోపలున్నవాళ్లు రమ్మని పిలుస్తారు. ఎక్కి దిగేసరికి అతడు తాను కలలుగన్న కాలంలో ఉంటాడు. అక్కడ ఎడ్రియానా అనే యువతి పరిచయమవుతుంది. గిల్ మనసు ఆమె మీదికి పోతే, ఆమె మనసు అంతకు ముప్పై ఏళ్ల వెనకటి పారిస్ మీద ఉంటుంది. ముగింపు సంగతులు జవాబుల్లో వస్తాయి కనుక, ముందే తెలియడం ఇష్టంలేనివారు సినిమా చూశాక ఈ పేజీకి రాగలరు.

ప్రశ్న: దీన్ని ప్రేమకథ అని ఎలా అంటారు? నాయకుడు ఒక అమ్మాయిని పెళ్లి చేసుకోబోతూ ఇంకొక అమ్మాయి వెంట తిరుగుతాడు, చివరికి మూడో అమ్మాయితో నడుచుకుంటూ వెళ్లిపోతాడు. ఒక్క ప్రేమకైనా న్యాయం జరిగిందా?

జవాబు: లెక్క చూస్తే మీరన్నదే నిజం. పెళ్లికి సిద్ధమైన జంట విడిపోతుంది, తొంభై ఏళ్ల దూరాన పుట్టిన ప్రేమ చేతికందకుండా పోతుంది, మూడోది మొదలవుతుందా లేదా అన్నచోట తెర పడుతుంది. అయినా నేను దీన్ని ప్రేమకథ అనే అంటాను. ఒక మనిషిని చూసి మోహపడే తీరూ, ఒక కాలాన్ని తలచుకొని మోహపడే తీరూ ఒకటేనన్న ఊహ మీద ఈ కథంతా నిలబడి ఉంది. రెండింటిలోనూ మనం చూసేది ఎదుట ఉన్నదాన్ని కాదు, మనకు కావలసినదాన్ని. గిల్‌కు వానలో తడిసిన పారిస్ అన్నింటికంటే అందంగా కనిపిస్తుంది. ఇనెజ్‌కు వాన అంటే బట్టలు తడిసిపోవడం మాత్రమే. ఈ పెళ్లి జరగదని ప్రేక్షకుడికి మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. అది గిల్‌కు తెలియడానికి మాత్రం ఎన్నో అర్ధరాత్రులు పడుతుంది, తెలిసే పద్ధతిలోనే అసలు చమత్కారమంతా ఉంది.

గిల్ తన నవల రాతప్రతిని 1920ల పారిస్‌లో ఉన్న రచయిత్రి గెర్ట్రూడ్ స్టయిన్ చేతికిచ్చి అభిప్రాయం అడుగుతాడు. ఆ ప్రతిని నవలాకారుడు హెమింగ్వే కూడా చదివాడనీ, కథానాయకుడు పెళ్లాడబోయే అమ్మాయి పండితమ్మన్యుడైన మరొక పాత్రతో తిరుగుతున్న సంగతి కథానాయకుడికే తెలియకపోవడం నమ్మేలా లేదన్నాడనీ ఆమె చెబుతుంది. నవలలోని ఆ పాత్రలు గిల్ తన చుట్టూ ఉన్నవాళ్లను చూసి రాసుకున్నవే. అంటే తన కళ్లముందు జరుగుతున్నది అతని చేయి కాగితం మీద పెట్టింది, అతని బుర్రకు మాత్రం ఎక్కలేదు. వర్తమానం నుంచి పారిపోయి గతంలో తలదాచుకున్నవాడికి ఆ గతంలోనివాళ్లే వర్తమానపు వార్త చెప్పి పంపడం కన్నా మంచి హాస్య సన్నివేశం ఈ సినిమాలో నాకు ఇంకొకటి కనబడలేదు.

రెండో మలుపు ఎడ్రియానాది. ఆమెతో కలిసి గిల్ రాత్రివేళ వీధిలో నడుస్తుంటే, ఈసారి కారు బదులు గుర్రబ్బండి వచ్చి ఆగుతుంది. ఇద్దరూ పందొమ్మిదో శతాబ్దపు చివరి పారిస్‌కు, మాక్సిమ్స్ భోజనశాలకూ, అక్కడినుంచి మూలాన్ రూజ్ నృత్యశాలకూ చేరతారు. ఎడ్రియానా కలలో ఉన్న కాలం అదే. ఆనందం పట్టలేక ఆమె అక్కడే ఉండిపోదామంటుంది. అదే బల్ల దగ్గర కూర్చున్న చిత్రకారులు గొగాఁ, దేగా మాత్రం తమ కాలం ఉత్త డొల్ల అనీ, బతికితే ఇటలీ పునరుజ్జీవన కాలంలోనే బతకాలనీ అంటారు. గిల్‌కు వెలుగు కనబడేది అక్కడ. ఎవరి వీపు వారికి కనబడదు కదా. తన మోహాన్ని తాను ఎన్నాళ్లు చూసుకున్నా అర్థంకానిది, ఎదుటి మనిషిలో అదే మోహం కనబడగానే క్షణంలో అర్థమైపోయింది. ఎడ్రియానాను నిజంగా ప్రేమించాడు కాబట్టే ఆమె పొరపాటు అంత స్పష్టంగా కనబడింది, కనబడ్డాక ఆమెను వదిలి రాకతప్పలేదు. విడిపోవడంతో ముగిసినా దీన్ని ప్రేమకథ అనడానికి నాకు ఆ ఒక్క సన్నివేశం చాలు.

ప్రశ్న: గిల్ గతంలోకి ఎలా వెళ్తాడో సినిమాలో ఎక్కడా చెప్పలేదు. కాలయంత్రం లేదు, శాస్త్రం లేదు. ఇది కథలో లోపం కాదా?

జవాబు: కాదు. గంట పన్నెండు కొడితే బండి వస్తుంది, అంతే. రాకుమారుడు రెక్కల గుర్రమెక్కితే ఆ గుర్రం మేతేమిటని ఎవరూ అడగలేదు కదా, ఇదీ అటువంటిదే. పైగా ఈ ప్రశ్న ప్రేక్షకుడికి వస్తుందని రచయితకు తెలుసు, అందుకే దాన్ని కూడా హాస్యానికే వాడుకున్నాడు. తాను భవిష్యత్తు నుంచి వచ్చానని గిల్ ఒకచోట బాధగా చెప్పుకుంటాడు. వింటున్నవాళ్లు సాల్వడార్ డాలీ, మాన్ రే, లూయీ బునుయెల్. ముగ్గురూ అధివాస్తవికవాదులు, అంటే కలకూ నిజానికీ మధ్య గీత చెరిపేసే కళాకారులు. రెండు కాలాల్లో బతకడంలో వింతేముందన్నట్టు వాళ్లు తలాడిస్తారు. మామూలు మనుషులెవరూ నమ్మని మాటను ఏ మాత్రం తడుముకోకుండా నమ్మే ముగ్గురే దొరకడం గిల్ అదృష్టమో దురదృష్టమో తేల్చుకోవడం కష్టం. ఇక రాత్రుళ్లు అల్లుడు ఎక్కడికి పోతున్నాడో కనిపెట్టమని ఇనెజ్ తండ్రి పంపిన గూఢచారి, దారి తప్పి వెర్సాయ్ రాజభవనంలో రాజుగారి ఎదుటికే చేరతాడు. ఎవరి బండి ఎక్కితే వారి కాలానికి పోతామన్నమాట. అంతకుమించిన నియమం ఈ కథకు అక్కర్లేదు.

ప్రశ్న: హెమింగ్వే, ఫిట్జ్‌జెరాల్డ్, స్టయిన్, ఎలియట్ అని వరసగా పేర్లు వస్తుంటే హాల్లో కొందరు నవ్వారు, నేను బిక్కమొహం వేశాను. ఇంగ్లీషు సాహిత్యం చదవనివాళ్లకు ఈ సినిమా అర్థమవుతుందా?

జవాబు: సగం నవ్వులు మీకు తప్పిపోయి ఉంటాయి, సినిమా మాత్రం తప్పిపోలేదు. ఇందులోని ప్రసిద్ధులెవరూ చరిత్ర పాఠంలోని మనుషులు కారు. గిల్ తలలో ఉన్న బొమ్మలు. అందుకే ఒక్కొక్కరూ తమ పేరు వినగానే జనానికి ఏది గుర్తొస్తుందో సరిగ్గా ఆ ధోరణిలోనే మాట్లాడతారు. కోరీ స్టోల్ వేసిన హెమింగ్వే పాత్ర మద్యం ముందు కూర్చొని ధైర్యం, యుద్ధం, చావు అనే మూడు సంగతులు తప్ప మాట్లాడదు, ఎదుటివాణ్ణి కుస్తీకి పిలవడం తప్ప మర్యాద ఎరగదు. ఎడ్రియన్ బ్రోడీ డాలీ అయితే ఏ మాట మొదలుపెట్టినా ఖడ్గమృగం దగ్గరే తేలుతుంది. ఇవి వ్యంగ్య చిత్రాలు. వ్యంగ్య చిత్రం చూడడానికి ఆ మనిషి జీవితచరిత్ర చదవనక్కర్లేదు గాని, ముక్కు ఎంత పొడుగో తెలిసి ఉంటే నవ్వు రెట్టింపవుతుంది.

అందుకని రెండు మూడు ముక్కులు చూపిస్తాను. గెర్ట్రూడ్ స్టయిన్ అమెరికా నుంచి వచ్చి పారిస్‌లో స్థిరపడిన రచయిత్రి. ఫ్లూరూస్ వీధిలో 27వ నంబరు ఇంట్లో పికాసో, మతీస్ వంటి వారి చిత్రాలను గోడ నిండా వేలాడదీసి, వచ్చిన యువ రచయితల ప్రతులు చదివి మొహమాటం లేకుండా తీర్పు చెప్పేది. సినిమాలో ఆమె మతీస్ చిత్రాన్ని కొన్ని వందల ఫ్రాంకులకు కొంటుంటే పక్కనున్న గిల్‌కు తానూ ఆరేడు పట్టుకుపోవాలనిపించడంలోని హాస్యం, నేడు ఆ చిత్రాలు పలికే కోట్లు తెలిసినవారికి బాగా అందుతుంది. బునుయెల్ తర్వాతి కాలంలో గొప్ప దర్శకుడయ్యాడు. విందుకు వచ్చిన అతిథులు భోజనం ముగిశాక గది దాటి పోలేకపోవడమే ఇతివృత్తంగా 1962లో ఒక చిత్రం తీశాడు. ఇక్కడ గిల్ ఆ ఊహను ముప్పై ఏళ్లకు పైగా ముందే అతని చెవిన వేస్తాడు. వేస్తే, వాళ్లు ఎందుకు పోలేరు, తలుపు తీసుకొని పోవచ్చు కదా అని బునుయెల్ అడుగుతూనే ఉంటాడు, ఎంత చెప్పినా బోధపడదు. తాను తీయబోయే సినిమా తనకే అర్థంకాని దర్శకుణ్ణి ఇంత ముద్దుగా వెక్కిరించడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇవన్నీ తెలియకపోయినా పాల్‌ను మీరు గుర్తుపట్టే ఉంటారు. ఇనెజ్‌కు పాత స్నేహితుడైన ఆ పెద్దమనిషి, రోదాఁ మ్యూజియంలో అక్కడి గైడుకే శిల్పి భార్య ఎవరో, ప్రియురాలు ఎవరో తప్పుగా బోధిస్తాడు. కళను ప్రేమించేవాడికీ, కళ గురించి తెలుసునని చెప్పుకోవడాన్ని ప్రేమించేవాడికీ ఉన్న తేడా ఏ భాషలోనైనా ఒకటే. తర్వాత ఒక రోజు పికాసో చిత్రం ముందు గిల్ అతని నోరు మూయించే సన్నివేశంలో, గిల్ బలమంతా ముందురాత్రి ఆ చిత్రం పుట్టుక గురించి పికాసో ఎదుటే విని ఉండడం.

ప్రశ్న: నిజంగా 1920ల పారిస్ అంత అందంగా ఉండేదా, లేక అదంతా సినిమావాళ్ల అలంకారమా?

జవాబు: ఎవరికి ఉండేది అన్నదే అసలు ప్రశ్న. డాలర్లు చేతిలో ఉన్న అమెరికన్‌కు నిజంగానే ఉండేది. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు డాలరుకు సుమారు 5 ఫ్రాంకులు వచ్చేవి. యుద్ధం తర్వాత ఫ్రాంకు విలువ పడిపోతూ పోయి, 1926లో ఒక దశలో డాలరుకు 50 ఫ్రాంకుల దాకా దిగజారి, ఆ తర్వాత 25 దగ్గర నిలదొక్కుకుంది. స్వదేశంలో గది అద్దెకు చాలని డబ్బుతో పారిస్‌లో గదీ, భోజనమూ, ద్రాక్షసారాయీ దొరికితే, నవల రాయాలనుకునే కుర్రవాళ్లు ఓడలెక్కడంలో ఆశ్చర్యం లేదు. అమెరికాలో 1920 నుంచి 1933 వరకు మద్యనిషేధం కూడా ఉంది. ఆ స్వర్ణయుగానికి పునాది వేసినవాటిలో కళాదేవత కటాక్షం ఎంతో, మారకపు రేటు కూడా అంత అన్నమాట.

అదే డబ్బు పతనాన్ని ఫ్రెంచివాళ్ల వైపు నుంచి చూడండి. యుద్ధంలో దాదాపు 14 లక్షలమంది సైనికులను పోగొట్టుకొని, వెనువెంటనే ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారిని కూడా భరించిన దేశం అది. ఫ్రాంకు పడిపోతే జీవితకాలపు పొదుపు కరిగిపోయింది వాళ్లకే. కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న మాజీ సైనికులు, నల్లబట్టల వితంతువులు ఆ వీధుల్లో ప్రతి మూలా ఉండేవారు. సినిమాలో వాళ్లు కనబడరు, ఎందుకంటే గిల్ కల అటువైపు చూడదు. ఎడ్రియానా వంటి ఫ్రెంచి స్త్రీకి ఓటుహక్కు లేదు. అది వచ్చింది 1944లో. పెన్సిలిన్‌ను 1928లో కనుగొన్నా రోగులకు అందింది 1940ల్లోనే. ఆ చివరి సంగతి మాత్రం గిల్‌కు తడుతుంది: ఒక పీడకలలో పళ్ల వైద్యుడి దగ్గరికి వెళ్తే నొప్పి తెలియకుండా చేసే మందు ఉండదు, అప్పుడు అర్థమవుతుంది ఆ కాలంలో యాంటీబయాటిక్సు కూడా లేవని. స్వర్ణయుగం మీద ఇంత లోతైన విమర్శ పంటినొప్పి రూపంలో రావడం నాకు బాగా నచ్చింది.

అలాగని ఆ వెలుగు అబద్ధమనుకోకండి. సిల్వియా బీచ్ అనే అమెరికన్ మహిళ 1919లో తెరిచిన చిన్న పుస్తకాల దుకాణం, మరెవరూ వేయడానికి సాహసించని జేమ్స్ జాయిస్ నవల ‘యులిసిస్’ను 1922లో ప్రచురించింది. తన దేశంలో రంగు కారణంగా వెనక వరసలో నిలబడవలసి వచ్చిన జోసెఫీన్ బేకర్ 1925లో పారిస్ రంగస్థలం ఎక్కి ఒక్క రాత్రిలో తారయింది. అవి జరిగాయి. కాని అవి జరిగినప్పుడు అక్కడున్నవాళ్లలో ఎవరూ స్వర్ణయుగంలో ఉన్నామనుకోలేదు. ఆ బృందాన్ని చూసి స్టయిన్ అన్న మాట ‘తప్పిపోయిన తరం’ అని. హెమింగ్వే 1926 నాటి తన నవలకు ముందుమాటగా పెట్టుకున్నది కూడా దాన్నే. ఫిట్జ్‌జెరాల్డ్ 1925లో ప్రచురించిన నవల నేడు పాఠ్యపుస్తకం. ఆనాడు అది అతడు ఆశించినన్ని ప్రతులు అమ్ముడుపోలేదు, 1940లో 44 ఏళ్ల వయసులో చనిపోయేనాటికి అతడు తనను తాను ఓడిపోయినవాడిగానే లెక్కవేసుకున్నాడు. అతని భార్య జెల్డా 1930 నుంచి మానసిక చికిత్సాలయాల పాలయింది. సినిమాలో ఆమె సీన్ నది ఒడ్డున ప్రాణం తీసుకోబోతే గిల్ తన జేబులోంచి ఆందోళన తగ్గించే వాలియం మాత్ర తీసి ఇస్తాడు, ఇదేమిటని ఆమె అమాయకంగా అడుగుతుంది. అది 1960లలో గాని బజారులోకి రాని మందు. హాల్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఇంటికి వచ్చాక ఆ నవ్వు మిగల్లేదు.

మరొక్క సంగతి చెప్పకుండా ఉండలేను. సినిమా ప్రారంభంలో మూడు నిమిషాలకు పైగా కథ లేదు, పాత్రలు లేవు. ఉదయం నుంచి రాత్రి దాకా పారిస్ దృశ్యాలు ఒకదాని వెంట ఒకటి వస్తుంటాయి, వెనక జాజ్ సంగీతకారుడు సిడ్నీ బెషే సోప్రనో శాక్సఫోన్ వినబడుతుంది. వింటే 1920ల సంగీతమనే అనిపిస్తుంది, కాని ఆ బాణీ 1952 నాటిది. అసలు 1920ల పారిస్ ఆ సంగీతకారుడికి ఇచ్చినదేమిటంటే, వీధిలో జరిగిన ఒక కాల్పుల గొడవ తర్వాత జైలు, ఆపైన దేశబహిష్కరణ. చాలా ఏళ్లకు తిరిగివచ్చి, ఫ్రాన్సులో స్థిరపడి, గౌరవం పొంది, ఆ బాణీ కట్టాడు. మనం గతం పాటగా వింటున్నది గతాన్ని దాటివచ్చినవాడి పాట.

ప్రశ్న: ఇనెజ్ పాత్ర విషయంలో మీకేమీ అనిపించలేదా? స్థిరమైన సంపాదన, సొంత ఇల్లు కోరుకోవడం నేరమా? రాత్రుళ్లు చెప్పకుండా మాయమయ్యే కాబోయే భర్తను చూసి కోపం రావడం తప్పా? — ఒక పాఠకురాలు

జవాబు: అనిపించింది, మీరు అడిగినందుకు సంతోషం కూడా కలిగింది. ఈ సినిమాలో నాకు పెద్ద లోపంగా తోచేది ఇదే. గతంలోని మనుషులందరినీ ఇంత ప్రేమగా గీసిన కలం, వర్తమానంలో ఉన్న ఇనెజ్ దగ్గరికీ, ఆమె తల్లిదండ్రుల దగ్గరికీ వచ్చేసరికి ఎండిపోయింది. రేచెల్ మెకాడమ్స్ వంటి నటికి విసుక్కోవడం తప్ప పని ఇవ్వలేదు. ఆమెను అంత కటువుగా చూపకపోతే గిల్‌ను మనం క్షమించలేమని రచయితకు భయం వేసిందేమో. చెవిపోగుల ఉదంతమే తీసుకోండి: సీన్ నది ఒడ్డున పాత పుస్తకాల దుకాణంలో దొరికిన డైరీలో, అతడు చెవిపోగులు బహుమతిగా తెచ్చినట్టు కల వచ్చిందని ఎడ్రియానా రాసుకున్నది చదివించుకొని, గిల్ ఇనెజ్ చెవిపోగులనే కాజేసి ఆమెకు ఇవ్వాలనుకుంటాడు. హోటల్లో నగలు పోయాయని గగ్గోలు పుడితే పనిమనిషి మీద అనుమానం పడుతుంది. ఆ సన్నివేశంలో హాస్యం ఉంది గాని, కాసేపు ఆ పనిమనిషి వైపు నిలబడి చూస్తే మన కళాప్రియుడు ఏమంత గొప్పవాడుగా కనబడడు. ఇనెజ్ మోసం చేసింది, నిజమే. ఆ మోసం బయటపడకముందు నుంచే గిల్ కూడా రోజూ అర్ధరాత్రి మరొక స్త్రీ దగ్గరికి పోతున్నాడు. ఆమెను మనం ద్రోహి అన్నాం, ఇతణ్ణి స్వాప్నికుడు అన్నాం.

ప్రశ్న: పోస్టరు మీద నాయకుడి వెనక వాన్ గో ఆకాశం ఎందుకు? ఆయన సినిమాలో లేడు కదా?

జవాబు: లేడు. పైగా ఆ నక్షత్రాల రాత్రి పారిస్‌ది కూడా కాదు. 1889లో ఫ్రాన్సు దక్షిణాన సాఁ రెమీలోని మానసిక చికిత్సాలయంలో ఉన్నప్పుడు గీసినది. కాని ‘పారిస్, కళ, రాత్రి’ అనే మూడు మాటలు చెప్పగానే మన తలలో వెలిగేది ఆ ఆకాశమే, అందుకని పోస్టరు వేసినవారు ఆ చిరునామా అబద్ధాన్ని ధైర్యంగా వాడుకున్నారు. సినిమా విషయానికి ఇంతకన్నా నప్పే పోస్టరు ఉండదు.

ప్రశ్న: ఈ సినిమాలోని ఒక్క వాక్యం మీద కోర్టు కేసు నడిచిందని విన్నాను. నిజమేనా?

జవాబు: నిజమే. గతం గురించి అమెరికన్ నవలాకారుడు విలియమ్ ఫాక్నర్ అన్న మాటను గిల్ ఒకచోట ఆయన పేరు చెప్పి మరీ కాస్త మార్చి అంటాడు. 2012లో ఫాక్నర్ రచనల హక్కుదారులు దావా వేస్తే, 2013లో మిసిసిపీలోని ఫెడరల్ న్యాయస్థానం కొట్టేసింది. గతం పోలేదన్న వాక్యానికి హక్కుదారులు మిగిలి ఉండడం దానికదే రుజువు.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. నేను పుట్టకముందు పాటలు, ఉత్తరాలు, నలుపుతెలుపు సినిమాలు తప్ప నాకేమీ నచ్చవు. ఇది జబ్బు అని స్నేహితులు వెక్కిరిస్తారు. ఈ సినిమా కూడా చివరికి అదే అంటోందా?

జవాబు: మీ స్నేహితులకు తెలియకుండానే చరిత్ర వాళ్ల పక్షాన ఉంది. నాస్టాల్జియా అన్న మాటను పుట్టించింది వైద్యుడే. ఇంటికి తిరిగి రావడం, బాధ అని అర్థాలిచ్చే రెండు గ్రీకు మాటలను కలిపి, 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విట్జర్లాండు వైద్యవిద్యార్థి తన సిద్ధాంత వ్యాసంలో దాన్ని రోగం పేరుగా వాడాడు. ఇంటిమీద బెంగతో తిండి, నిద్ర మానేసేవాళ్లను చూసి పెట్టిన పేరది. అప్పుడు బెంగ ఊరి మీద. కాలం మీదికి మళ్లింది తర్వాతే. ఊరి మీద బెంగకు మందుంది, బండెక్కి పోవచ్చు. కాలం మీద బెంగకు ఆ బండి లేదు. ఆ లేని బండినే ఈ సినిమా అర్ధరాత్రి మెట్ల దగ్గరికి తెచ్చి నిలబెట్టింది.

మీ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పాలంటే, పాతవాటిని ప్రేమించడాన్ని ఈ సినిమా ఎక్కడా తప్పుపట్టదు. పాత నగరం, పాత పాట, పాత వాన ఎంత అందమైనవో చూపించడానికి అది వెచ్చించిన నిమిషాలు లెక్కపెట్టండి. అది నవ్వేది మరొకదాన్ని చూసి: ఆ కాలంలో పుట్టి ఉంటే నేను మరొక మనిషినై ఉండేవాణ్ణి అన్న నమ్మకాన్ని. గతం మనకు జల్లెడ పట్టి అందుతుంది. ఆ కాలపు చెత్త నవలలన్నీ రాలిపోయి, మిగిలిన పది మంచి నవలలే మన అలమరలోకి చేరతాయి. మన కాలానికి ఇంకా జల్లెడ పట్టలేదు గనుక ఊక కూడా కలిసే కనబడుతుంది. ఎడ్రియానా కలలుగన్న కాలానికున్న ‘బెల్ ఎపోక్’, అంటే అందమైన కాలం అన్న పేరు కూడా ఆ కాలంలోనివాళ్లు పెట్టుకున్నది కాదు, అది గడిచిపోయాక వెనక్కి తిరిగి చూసినవాళ్లు పెట్టినది. ఆ అందమైన కాలంలోనే, 1887లో, ఈఫిల్ టవర్ పునాదులు లేస్తుంటే కథారచయిత మొపాసా, సంగీతకర్త గూనో, ఒపెరా భవనం కట్టిన గార్నియే సహా ఎందరో ప్రముఖులు ఆ ఇనుప రాక్షసి తమ పారిస్‌ను పాడుచేస్తోందని పత్రికలో నిరసన ప్రకటించారు. ఎడ్రియానా కలలోని గొగాఁ తన కాలాన్ని తిట్టడం కల్పన కావచ్చు, అసలు గొగాఁ 1891లో పారిస్‌తో విసిగి తాహితీకి ఓడెక్కిన మాట నిజం. మన యుగాల లెక్కలో కూడా కృతయుగం ఎప్పుడూ వెనకే ఉంది, మనం ఉన్నది ఎప్పుడూ కలియుగమే.

పాత ఉత్తరాలు మీకు నచ్చితే చదవండి, రాయండి కూడా. గిల్ చేసిన పనుల్లో నాకు నచ్చిందల్లా ఒకటే: గతంలోకి చంకలో తన నవల పెట్టుకొని వెళ్లాడు.

ప్రశ్న: చివర్లో పాత రికార్డులమ్మే అమ్మాయి వంతెన మీద కనబడడం మరీ అనుకూలంగా లేదూ? గతమోహం వదిలించుకున్నవాడికి మళ్లీ పాత సరుకు అమ్మే అమ్మాయేనా?

జవాబు: అనుకూలమే, కానీ అందులోనే రచయిత నిజాయితీ కూడా ఉంది. గాబ్రియెల్ పాత వస్తువుల బజారులో ఆనాటి పాటల రచయిత కోల్ పోర్టర్ రికార్డులు అమ్ముతుంది. ఆ పాటలు ఆమెకు బేరం, ఇష్టం, రోజువారీ పని. వాటి కోసం ఎక్కడికో పోవాలని ఆమెకు లేదు. గిల్‌కు దొరికింది పాతను వదిలేసిన మనిషి కాదు, పాతను ఇప్పటి చేతుల్లో పట్టుకోవడం తెలిసిన మనిషి. అర్ధరాత్రి దాటింది, వాన మొదలైంది, తడవడం తనకు ఇష్టమేనని ఆమె అంటుంది. మొదటి జవాబులో నేను చెప్పిన వాన ఇక్కడ తిరిగి వచ్చింది.

ఇంకొకటి, ఇది రచయిత ఉద్దేశించాడో లేదో చెప్పను, నేను చూసింది చెబుతాను. వాళ్లు కలుసుకున్నది మూడో అలెగ్జాండర్ వంతెన మీద. 1900 నాటి ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన వంతెన అది, అంటే ఎడ్రియానా ఉండిపోయిన కాలం తాలూకుది. ఆమెను అక్కడ వదిలి వచ్చినవాడు ఆమె కాలపు దీపాల కిందే, తన కాలపు వానలో నడిచిపోతున్నాడు.